కుంటాల జలపాతం, గెలీలియో లెక్క

రామగుండం దాటిన రైలు గోదావరి వంతెన మీదుగా మంచిర్యాలకు పోతుంటే, పెట్టెలో కూర్చున్న పిల్లవాడు రూపాయి బిళ్లను పైకి ఎగరేస్తాడు. రైలు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో ఉంటే, బిళ్ల గాలిలో ఉన్న అర సెకనులో పెట్టె 8 మీటర్లు ముందుకు పోతుంది. అయినా బిళ్ల వెనక కూర్చున్నవారి ఒళ్లో పడదు, వాడి చేతిలోకే వస్తుంది. అదే పిల్లవాడు కరీంనగర్ బస్సులో నిలబడి ఉండగా డ్రైవరు గట్టిగా బ్రేకు వేస్తే ముందుకు తూలిపోతాడు. రెండింటికీ కారణం ఒకటే. బండికున్న వేగం మన ఒంటికీ, బిళ్లకూ ఉంది. ఏదో ఒకటి ఆపేదాకా అది పోదు.

ఈ చిన్న సంగతి దగ్గర ఆగి ఆలోచించిన మనిషి గెలీలియో. ఆయన్ను మన సంఘాల్లో సంఘానికి శత్రువుగా తలచేవారున్నారు, బయట సంఘాన్ని ఎగతాళి చేయడానికి వాడుకునేవారున్నారు. రెండూ ఆయనకు అన్యాయమే అని మా అభిప్రాయం.

1564 ఫిబ్రవరి 15న ఇటలీలోని పీసాలో పుట్టాడు. తండ్రి విన్సెంజో వీణలాంటి వాద్యం వాయించే సంగీతజ్ఞుడు. కొడుకు వైద్యుడు కావాలని కోరుకున్నాడు. కొడుకు గణితంలో పడి, 1585లో పట్టా లేకుండానే విశ్వవిద్యాలయం విడిచాడు. (మన ఇళ్లలో ఈ కథ కొత్తదేమీ కాదు.) పీసా దేవాలయంలో వేలాడే దీపం ఊగడం చూసి, నాడి పట్టుకుని కాలం లెక్కించాడని ఒక కథ ఉంది. వాలిన గోపురం మీదినుంచి బరువులు పడవేశాడని మరొకటి. రెండూ శిష్యుడు వివియాని రాసినవే, చరిత్రకారులకు వాటిమీద సందేహాలున్నాయి. ఆ ఆలోచనలు మాత్రం గెలీలియోవే. తాటిపండునూ చిన్న రాయినీ ఒకే ఎత్తునుంచి ఒకేసారి వదిలితే దాదాపు కలిసే నేలకు చేరతాయి. బరువైనది ఆ బరువుకు తగ్గట్టు వేగంగా పడుతుందని అరిస్టాటిల్ కాలంనుంచి పండితులు బోధించారు. చెట్టుకింద నిలబడి చూస్తే చాలు, కానీ చూడలేదు.

1609లో దుర్భిణి చేసుకుని ఆకాశం వైపు తిప్పాడు. మరుసటి జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామలు కనిపించాయి. అన్నీ భూమి చుట్టూనే తిరగడం లేదని తేలింది. చిక్కు అక్కడే మొదలైంది.

1613 డిసెంబరులో పీసాలో, మెడిచి ప్రభువుల భోజనబల్ల దగ్గర, రాజమాత క్రిస్టీనా ఒక ప్రశ్న వేసింది. భూమి తిరుగుతుంటే, యెహోషువ గ్రంథం 10వ అధ్యాయంలో సూర్యుడు నిలిచాడని ఎందుకుంది? జవాబిచ్చినవాడు కాస్టెల్లి అనే సన్యాసి, గెలీలియో శిష్యుడు. సంగతి తెలిసి గెలీలియో పెద్ద ఉత్తరమే రాశాడు. లేఖనం తప్పు చెప్పదు, దాన్ని వివరించేవారు తప్పు చెప్పవచ్చు అన్నది దాని సారాంశం. సామాన్యులకు అర్థమయ్యే మాటల్లో రక్షణమార్గం తెలపడానికే పరిశుద్ధాత్మ దాన్ని రాయించాడని ఆయన నమ్మకం. ప్రొద్దు పొడిచింది అని మనమూ అంటాము. అది అబద్ధం కాదు, ఖగోళశాస్త్రమూ కాదు.

ఇది కతోలికుల గొడవ అని మనం పక్కకు జరగలేము. కొత్త ఖగోళశాస్త్రాన్ని లూథరు ఇదే యెహోషువ వచనంతో కొట్టిపారేసినట్టు ఆయన భోజనబల్ల మాటల్లో నమోదై ఉంది. నేడు ఇంటర్మీడియట్ పిల్లలు ఇదే ప్రశ్న అడిగితే, నోరు మూసుకోమనే పెద్దలు మన మధ్య లేరా?

భూమి తిరిగితే మనం పడిపోమా, పక్షులు వెనకబడిపోవా అని ఆనాటివారు అడిగారు. 1632లో అచ్చయిన గ్రంథంలో గెలీలియో వారిని ఓడ అడుగు గదిలోకి తీసుకుపోయాడు. కిటికీలు లేని గది, ఎగిరే సీతాకోకచిలుకలు, గిన్నెలో చేపలు, పైనుంచి బొట్టు బొట్టుగా పడే నీరు. ఓడ నిలిచినా, కుదుపు లేకుండా సాగినా లోపల తేడా తెలియదు. మన రైలులోని రూపాయి బిళ్ల సంగతే ఇది.

1633 జూన్ 22న, 69 ఏళ్ల ఆ ముసలివాడు రోములో మోకాళ్లూని తన మాట తప్పని ఒప్పుకున్నాడు. లేస్తూ భూమి తిరుగుతూనే ఉందని గొణిగాడని చెప్పుకుంటారు గాని ఆనాటి దాఖలాల్లో అది లేదు. చెరసాల శిక్షను గృహనిర్బంధంగా మార్చారు. పోపు రెండవ జాన్ పాల్ ఆ తీర్పులోని పొరపాటును బహిరంగంగా అంగీకరించింది 1992లో.

శిక్షలో మరో భాగం, మూడేళ్లపాటు వారానికొకసారి ఏడు పశ్చాత్తాప కీర్తనలు చదవడం. మనకు బాగా తెలిసిన 51వ కీర్తన వాటిలో ఒకటి. ఆ భారాన్ని పెద్ద కూతురు తన మీద వేసుకుంది. గెలీలియో వివాహం చేసుకోలేదు, బిడ్డలు అలాగే పుట్టారు. ఆ కారణంగానే ఇద్దరు కూతుళ్లనూ చిన్నతనంలోనే మఠంలో చేర్చాడు. దీన్ని దాచి ఆయన్ను పొగడడం మాకు ఇష్టం లేదు. మరియా చెలెస్తే అయిన ఆ పెద్ద కూతురు తండ్రిని నిష్ఠురమాడలేదు. ఆమె ఉత్తరాలు 124 మిగిలాయి. 1634 ఏప్రిల్‌లో, 33 ఏళ్లకే కన్నుమూసింది.

ఆ దుఃఖం తర్వాత ఆయన సూర్యుని జోలికి పోకుండా, యౌవనంలో చూసిన దొర్లే గుండ్ల దగ్గరికి తిరిగి వచ్చాడు. పడే వస్తువు కంటికి అందదు, కాబట్టి వాలుగా పెట్టిన కొయ్యలో గాడి తీసి, కంచు గుండును దొర్లించాడు. సెకన్లు చెప్పే గడియారం లేదు. సన్నని గొట్టంనుంచి కారిన నీటిని తూచి కాలం కొలిచాడు. సమాన కాలాల్లో గుండు పోయిన దూరాలు 1, 3, 5, 7 వంతున పెరిగాయి.

నేరడిగొండ దగ్గర కడెం వాగుమీది కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు. అక్కడి నీరు బండలను తాకుతూ దిగుతుంది, అందుకే అంతే ఎత్తునుంచి అడ్డులేకుండా పడే రాయిని తలచుకోండి. మొదటి సెకనులో దాదాపు 5 మీటర్లు, రెండో సెకనులో 15, మూడో సెకనులో 25. కూడితే 45. ఆదివారపు బడి పిల్లలకు పలకా గోలీలూ ఇచ్చి ఈ వరుసను వెతకమనండి, గంట తెలియకుండా గడుస్తుంది.

ఆ పుస్తకాన్ని ఇటలీలో అచ్చువేసేవారు లేక, 1638లో హాలెండులోని లైడెన్‌లో అచ్చయింది. అప్పటికి ఆయనకు చూపు పూర్తిగా పోయింది. 1641లో, ఊగే లోలకంతో గడియారం నడిపే ఉపాయం తట్టి, కొడుక్కి చెప్పి బొమ్మ గీయించాడు. అది తయారు కాకముందే 1642 జనవరి 8న మరణించాడు. 1656లో హైగెన్స్ అనే హాలెండు పండితుడు తన సొంత ఉపాయంతో లోలకపు గడియారం చేశాడు.