కోల్చెస్టర్ ముట్టడి - కేపెల్ ప్రభువు

ఇంగ్లండు అంతర్యుద్ధంలో రాజు కోసం ప్రాణమిచ్చిన ఆర్థర్ కేపెల్ మొదట్లో రాజు మనిషి కానే కాదు. 1640లో హెర్ట్‌ఫర్డ్‌షైర్ నుంచి పార్లమెంటుకి ఎన్నికై, ఓడల పన్ను వగైరా బాధల మీద అక్కడి ప్రజల అర్జీని సభలో పెట్టింది ఆయనే. 1641లో మొదటి చార్లెస్ ప్రభువు బిరుదు ఇచ్చాడు. బిరుదు చూసి పక్షం మారాడనుకోవచ్చు గానీ, తర్వాత జరిగింది చూస్తే నాకలా అనిపించదు.

1648లో ఆయనా, తోటి రాజపక్షంవాళ్ళూ కోల్చెస్టర్ పట్నంలో పదకొండు వారాలు ముట్టడిలో చిక్కుకున్నారు. తిండి అయిపోయి గుర్రాల్ని, కుక్కల్ని కూడా తిన్నారు. రేషన్ అందని పోస్టులో గడిపినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. పార్లమెంటు సేనాని ఫెయిర్‌ఫాక్స్, కేపెల్ పదహారేళ్ళ కొడుకుని ముట్టడి లైన్లలోకి తెప్పించాడు. అయినా తండ్రి లొంగలేదు.

చివరికి ఆగస్టు 28న ఆయుధాలు దించారు. సిపాయిలకి ప్రాణభిక్ష, ఆఫీసర్లు మాత్రం గెలిచినవాడి దయ మీద. ఆ రోజే లూకస్, లైల్ అనే ఇద్దరిని కాల్చేశారు. కేపెల్‌ని లండన్ టవర్లో పెట్టారు. ఆయన తాడు పట్టుకుని దిగి, కందకం దాటి పారిపోయాడు. కానీ ఒక పడవవాడు డబ్బుకోసం పట్టిచ్చాడు.

ఫెయిర్‌ఫాక్స్ తనకి ప్రాణాభయం ఇచ్చాడని విచారణలో వాదించాడు. ఆ మాట సైన్యానికే గాని కోర్టుకి వర్తించదన్నారు. ఫౌజీగా ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1649 మార్చి 9న తల నరికారు.

ఆ కొడుకే ఎసెక్స్ ఎర్ల్ అయి, ఐర్లండులో రాజప్రతినిధిగా చేసి, రాజు మీద కుట్ర ఆరోపణతో 1683లో అదే టవర్లో గొంతు తెగి చనిపోయాడు.