మన దారిన నడిచిపోయిన మహాయాత్రికుడు: ఏనుగుల వీరాస్వామయ్య

మా గండిమైసమ్మ చౌరస్తాలో నిలబడితే ఒక దారి బాలానగర్‌కు, ఒకటి నర్సాపూర్‌కు, ఒకటి మియాపూర్ వైపు, ఇంకొకటి మేడ్చల్‌కు పోతుంది. ఆ చివరి దారి పట్టుకొని పోతే నాగపూర్ రోడ్డు తగులుతుంది. మా తాతల కాలంలో ఈ దిక్కు రైతులు ధాన్యం బండ్లు కట్టుకొని ఆ రోడ్డు మీద పోయేవారట. ఆ రోడ్డు మీద ఒకప్పుడు నూరుమందిని వెంటబెట్టుకొని, చెన్నపట్నం నుంచి కాశీకి, తొందర లేకుండా, చూడవలసినదంతా చూసుకుంటూ పోయిన మనిషి ఒకాయన ఉన్నాడని నాకు డిగ్రీ రెండో ఏడు దాకా తెలియనే తెలియదు.

తెలియడానికి ఒక కారణముంది. పోయిన ఏడు మా క్లాసు విజ్ఞానయాత్రకు ఇద్దరు విద్యార్థి నాయకులలో నేనొకణ్ణి. నాలుగు రోజుల్లో తొమ్మిది స్థలాలు చూడాలని కాగితం మీద రాసింది నేనే. మూడోనాడు ఒక మిత్రునికి జ్వరం వచ్చింది. వాణ్ణి బస్సులో పడుకోబెట్టి, కిటికీలు వేసి, మేమంతా జలపాతం చూడటానికి పోయినం. తిరిగి వచ్చేసరికి వాడు ఒళ్లు తెలియకుండా ఉన్నాడు. దేవుడి దయవల్ల బతికి బయటపడ్డాడు గాని, ఆ తర్వాత నెల రోజులు నా మొహం చూడలేదు. మనుషుల్ని ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు లెక్కబెట్టడమే నాయకత్వం అనుకున్న నాకు అప్పుడు సిగ్గయింది. ఆ రోజుల్లోనే లైబ్రరీలో తెలుగు లెక్చరర్ గారు కాశీయాత్ర చరిత్ర చేతికిచ్చి, ముందు ఇది చదువు, తర్వాత ఇంకో టూరు నడుపుదువు గాని అన్నారు. ఈ వ్యాసం ఆ చదువు ఫలితమే. భౌతికశాస్త్ర విద్యార్థిని, సాహిత్యంలో అంతగా ప్రవేశం లేనివాణ్ణి. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

ఏనుగుల వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో చెన్నపట్నంలో నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇంగ్లీషు నేర్చినవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టేటంతమంది ఉన్న ఆ రోజుల్లో, ఈ పిల్లవాడు పన్నెండేళ్లకే ఆ భాష చదివి, జీతం లేకుండానే కంపెనీ వారి కచేరీలో పనికి కుదిరాడు. ఈ రోజుల్లో మనం అప్రెంటిస్ అంటామే, అటువంటిదన్నమాట. తర్వాత ఎన్నో కొలువులు చేసి, చివరకు చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీ అయ్యాడు. కోర్టులో దొరలు మాట్లాడేది జనానికి, జనం మొరపెట్టుకునేది దొరలకు, పొల్లుపోకుండా చెప్పే పని అది. ఒక్క మాట అటు ఇటు అయితే ఒకరి పొలం పోతుంది, ఇంకొకరికి శిక్ష పడుతుంది. అటువంటి చోట ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేసి పెద్ద పేరు తెచ్చుకున్నాడు. విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు చెప్పే అలవాటు ఆయనకు అక్కడే పట్టుబడిందని నా అభిప్రాయం.

ఇంతటి ఉద్యోగి, యాభై ఏళ్లు వచ్చినాక, కోర్టు వారి దగ్గర సెలవు తీసుకొని కాశీకి బయలుదేరాడు. అది 1830 మే 18. మళ్లీ చెన్నపట్నం చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలల పదిహేను రోజులు. అప్పటికి మన దేశంలో రైలు లేదు. మద్రాసు నుంచి మొదటి రైలు నడిచింది 1856లో, అంటే ఇంకా పాతికేళ్లకు. వెంట దాదాపు నూరుమంది. ఇంటివాళ్లు, బంధువులు, వంటవాళ్లు, పరిచారకులు, కాపలా వాళ్లు, పల్లకీలు మోసే బోయీలు. ఇంతమంది ఎందుకని అడగవచ్చు. ఆనాటి దారులలో ఒంటరిగా పోవడమంటే ప్రాణాల మీది మాట. నాగపూర్ దాటి జబల్‌పూర్ పోయే దిక్కు థగ్గులనేవాళ్లు బాటసారులతో స్నేహం చేసి, కలిసి తిని, రాత్రికి గొంతుకు గుడ్డ బిగించేవారు. స్లీమన్ దొర వాళ్లను పట్టి అణచడం మొదలుపెట్టింది కూడా సరిగ్గా ఆ కాలంలోనే. అందుచేత గుంపు అవసరమే. కాని గుంపును నడపటం గుంపులో పోవడం కాదు. ఈ మాట నాకు బాగా తెలిసొచ్చింది.

నూరుమందికి పూటపూటకు బియ్యం, పప్పు, కట్టెలు కావాలి. అందరికీ సరిపడే నీళ్లున్న ఊరు కావాలి. బోయీలకు అలుపు తీరాలి. ఇవన్నీ కుదిరే దూరమే ఆ దినం ప్రయాణం. ముందు దూరం నిర్ణయించుకొని తర్వాత మనుషుల్ని ఈడ్చుకుపోవడం కాదు. తెల్లవారగట్ల బయలుదేరి, ఎండ ముదిరేలోగా మజిలీ చేరి, వంట, స్నానం, విశ్రాంతి. పెద్ద ఊరు వస్తే దినాల తరబడి మకాం. ఆ తీరికలోనే ఆయన ఊరు తిరిగి చూసేవాడు, నలుగురినీ అడిగేవాడు, రాత్రి కూర్చుని రాసేవాడు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, దారిలో వాగులెన్ని, మంచినీళ్ల బావి ఉందా లేదా, అంగళ్లలో ఏమి దొరుకుతుంది, దిగడానికి చోటున్నదా, అన్నీ అందులో ఉంటాయి. తన వెనక వచ్చేవాడు ఇబ్బంది పడకూడదని ఆయన తపన. మేము ల్యాబు రికార్డులో పరిశీలనలు రాస్తాం గదా, ఆ పద్ధతి ఆయనకు ఎవరూ నేర్పకుండానే వచ్చింది. సగం మంది పక్కవాని రికార్డు చూసి రాసేది వేరే సంగతి!

తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకొని, కృష్ణ దాటి, పాలమూరు సీమ మీదుగా హైదరాబాదు చేరాడు. శ్రీశైలం అప్పుడు కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. దేవుణ్ణి చూడటానికి పోయే యాత్రికుల దగ్గర నవాబు పన్ను వసూలు చేసేవాడు. నవాబే కాదు, ఉత్తరాదిన ప్రయాగ, గయ క్షేత్రాలలోనూ, పూరీలోనూ కంపెనీవారు సైతం యాత్రికుల పన్ను గుంజేవారు. అది 1840లో గాని పోలేదు. కంపెనీ కొలువులో ఉండి కూడా వీరాస్వామయ్య ఈ పన్నుల సంగతి దాచలేదు.

హైదరాబాదులో అప్పుడు నాసిరుద్దౌలా కొత్తగా గద్దె ఎక్కి ఏడాదే అయింది. పెత్తనమంతా చందూలాల్‌ది. మూసీ ఈవల నగరంలో ప్రతివాడూ ఆయుధం పట్టుకొని తిరగడం, సికింద్రాబాదు దండు ప్రాంతంలో అందుకు భిన్నంగా క్రమం ఉండటం, ఈ రెండూ ఆయన కళ్లబడ్డాయి. హుస్సేన్‌సాగరం కట్ట మీద మనం ఎన్నిసార్లు తిరగలేదు? కాని వచ్చిన పరదేశి చూసినంత శ్రద్ధగా మనం చూశామా అని నాకనుమానం.

అక్కడ నుంచి మా మేడ్చల్ మీదుగా ఉత్తరానికి మళ్లాడు. మాసాయిపేట, రామాయంపేట, బిక్కనూరు, కామారెడ్డి, ఆర్మూరు, గోదావరి, నిర్మల్, ఆదిలాబాదు. ఈ పేర్లన్నీ వరుసగా చదువుతుంటే నాకు బస్సు కండక్టరు కేక వినిపించినట్లయింది. సికింద్రాబాదు నుంచి మేడ్చల్ ఇప్పుడు గంట ప్రయాణం కూడా కాదు. వాళ్లకు అది ఒక మజిలీ దూరం. పైగా వానాకాలం. రైతుబిడ్డను గనుక ఒక్క మాట చెప్పగలను. మా మేడ్చల్ దిక్కు చాలావరకు ఎర్రనేల, వాన వెలిసిన కాసేపటికి కాలు నిలుస్తుంది. ఆదిలాబాదు వైపు నల్లరేగడి. తడిసిందంటే కాలు మోకాలి దాకా దిగుతుంది, పైకి తీస్తే మనిషి బరువుకు తోడు మట్టి బరువు. భుజాన పల్లకీ పెట్టుకొని ఆ నేలలో నడిచినవాళ్ల సంగతి ఏమి చెప్పాలి!

ఇక్కడే నాకు వీరాస్వామయ్య మీద ఒక చిన్న ఫిర్యాదుంది. ఎంత చూసినవాడైనా ఆయన చూసింది ఎక్కువభాగం పల్లకీలోంచే. బోయీల కూలి, వాళ్లు దొరికే తావులు, వాళ్ల కష్టం గురించి రాశాడు గాని, తనను మోసినవాళ్లలో ఎవరు ఎవరన్నది మనకు మిగలలేదు. మా బాపుకు ఈ యాత్ర సంగతి చెబితే మొట్టమొదట అడిగింది అదే. మోసినోళ్లు ఎవరు, ఏ ఊరోళ్లు, వాళ్లకు తిండి ఎట్ల అని. ఆ కాలపు పెద్దమనిషి ఎవరైనా అంతే కదా అని మా లెక్చరర్ గారు అంటారు. కావచ్చు. కాని మా బాపు ప్రశ్న కూడా న్యాయమే.

ఇంగ్లీషు మాస్టారు ఒకసారి ఇంకో యాత్ర సంగతి చెప్పారు. డాక్టర్ జాన్సన్ అనే మహాపండితుడు, ఇంగ్లీషు నిఘంటువు కట్టినవాడు, 1773లో తన మిత్రుడు బాస్వెల్‌తో కలిసి స్కాట్లండు కొండసీమలు, పడమటి దీవులు తిరిగాడు. అప్పటికి జాన్సన్‌కు అరవై మూడేళ్లు. వెంట ఒక నౌకరు. కొండల్లో గుర్రాల మీద, దీవుల మధ్య పడవల్లో స్కై, రాసే, కోల్, మల్, అయోనా చూశారు. మొత్తం 83 రోజులు. జాన్సన్ కూడా దేవాలయాలు, కోటలతో ఊరుకోలేదు. గుడిసెలో పొయ్యి ఎక్కడ పెడతారు, కౌలు ఎంత పెరిగింది, జనం ఊళ్లు విడిచి అమెరికా ఎందుకు పోతున్నారు అని అడిగి తెలుసుకున్నాడు. ఆ దేశంలో చెట్లే కనబడలేదని పదేపదే చెప్పుకున్నాడు. ఆ ప్రయాణానికి అర్ధ శతాబ్దం తర్వాత మనవాడు బయలుదేరాడు. ఆయన పుస్తకం ఈయన చూశాడో లేదో మనకనవసరం. వాళ్లిద్దరు ముగ్గురు, వీళ్లు నూరుమంది. నా మటుకు నాకు నూరుమందిని క్షేమంగా నడుపుకుంటూ అంత చూడటమే కష్టమనిపిస్తుంది.

నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ. తర్వాత గయ, పాట్నా, కలకత్తా. కొంత దూరం గంగలో పడవల మీద సాగింది. తిరుగుదారి జగన్నాథం, గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు. ఒక్కమాటలో, దేశానికి ప్రదక్షిణం చేసినట్టే. ఆయన దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు సంగతులన్నీ రాసి పంపుతూ వచ్చాడు. ఆ రాతలే తర్వాత పుస్తకమైనాయి. భాష పండితుల భాష కాదు. చెన్నపట్నంలో నలుగురు మాట్లాడుకునే తెలుగు, అందులో హిందుస్తానీ, ఇంగ్లీషు, అరవం మాటలు ఎక్కడివక్కడ పడతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారి వాడుక భాషా ఉద్యమానికి దాదాపు ఎనభై ఏళ్ల ముందటి రచన ఇది. నా వ్యాసంలో పల్లె మాటలు దొర్లాయని సంపాదకవర్గ మిత్రులు కోప్పడితే నేను ఆయన్ని సాక్షిగా పిలుచుకుంటాను.

తిరిగి వచ్చినాక విశ్రాంతి ఎక్కువ కాలం దక్కలేదు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, కోస్తా జిల్లాలను ఘోరమైన కరువు పట్టింది. డొక్కల కరువని జనం చెప్పుకునేది దాన్నే. ఒక్క గుంటూరు జిల్లాలోనే సుమారు అయిదు లక్షల జనంలో లక్షన్నర మంది చనిపోయారని అంచనా. అన్నం కోసం జనం రోడ్లు పట్టి చెన్నపట్నం దాకా నడిచారు, దారిలోనే రాలిపోయారు. రెండేళ్ల కిందట వీరాస్వామయ్య తిరిగి వచ్చింది కూడా ఆ ఉత్తరపు దారిలోనే. ఏ ఊరికి నీళ్లున్నాయో, ఏ ఊరి అంగట్లో బియ్యం దొరుకుతుందో రాసుకున్న ఊళ్లు అవి. నగరం చేరినవాళ్లకు అన్నం పెట్టిన పెద్దలలో ఆయనా, ఆయన మిత్రుడు శ్రీనివాస పిళ్లె ఉన్నారు. నూరుమందికి వండించిన అనుభవం వేలమందికి వండించడానికి పనికొచ్చి ఉంటుందని నేననుకుంటాను.

1836 అక్టోబరు 3న వీరాస్వామయ్య కన్నుమూశాడు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. శ్రీనివాస పిళ్లె పూనుకోగా 1838లో అది వెలువడింది. 1869లో రెండోసారి అచ్చయింది. ఆ తర్వాత జనం మరిచిపోయారు. బెజవాడ న్యాయవాది, చరిత్ర పరిశోధకులు దిగవల్లి వేంకట శివరావు గారు శ్రమించి, వివరమైన పీఠికతో 1941లో మళ్లీ తెచ్చారు. ఈ రోజు మనకు వీరాస్వామయ్య జీవితం గురించి తెలిసినదానిలో చాలా భాగం ఆయన పుణ్యమే.

పుస్తకం లైబ్రరీకి తిరిగి ఇచ్చేముందు జ్వరం వచ్చిన మిత్రుడికి ఇచ్చాను. వాడు పది రోజులుంచుకున్నాడు. ఈ ఏడు టూరుకు మూడు రోజులు, మూడే స్థలాలు అని కాగితం రాసింది వాడు. మొదటి మజిలీ మేడ్చల్ కాడ నాగపూర్ రోడ్డు పక్కన, చాయ్ తాగి కాసేపు నడవడం. మా క్లాసులో సగం మందికి ఇది నచ్చలేదు. గొడవ ఇంకా తేలలేదు.