పారసీక సింహాసనము – దారయవహు చక్రవర్తి

రాజ్యమును గెలుచుట యొక విద్య. గెలిచిన రాజ్యమును నిలుపుట మరియొక విద్య. నిలిపిన రాజ్యమును కలహము లేకుండ వారసుని చేతిలో నుంచి పోవుట యన్నిటికంటె కష్టమైన విద్య. మొదటి రెండు విద్యలందును అసమానుడై, మూడవదానియందు తన మట్టుకు కృతార్థుడై, తన వంశమునకు మాత్రము దాని నందింపలేకపోయిన ప్రభువు పారసీక చక్రవర్తి దారయవహుడు.

ఇంగ్లీషు పుస్తకములలో డేరియస్ అని కనబడునది ఈతని పేరే. అది గ్రీకుల నోట మారిన రూపము. ప్రాచీన పారసీక భాష మన సంస్కృతమునకు తోబుట్టువు వంటిది. ఆ భాషలో ఈతని పేరునకు మంచిని నిలుపువాడని యర్థము. సంస్కృతమందలి ధారయత్, వసు అను మాటలు దానికి సరిపోవును. భూమిని వారును బూమి యనియే పిలిచిరి. మన ద్రోహశబ్దమునకు జ్ఞాతియైన ద్రౌగ యను మాట వారి భాషలో అసత్యమునకు పేరు. ఈ యొక్క మాటను పాఠకులు మనసున నుంచుకొనవలెను. దారయవహుని కథ యంతయు దానిచుట్టునే తిరుగును.

ఈతని కథకు ముందు కురుషుని కథ కొంత చెప్పవలెను. సైరస్ అని ప్రసిద్ధుడైన ఈ కురుషుడు ఇరాను దేశపు నైరృతిభాగమందలి అన్షాను అను చిన్న రాజ్యమునకు ప్రభువు. క్రీ. పూ. 550లో ఆతడు మీడియా రాజ్యమును గైకొనెను. పిమ్మట లిడియాను, 539లో బాబిలోను నగరమును జయించెను. 530లో సరిహద్దు యుద్ధమున మరణించెను. ఆతనికి కుమారులిద్దరు. జ్యేష్ఠుడు కంబుజీయుడు, కనిష్ఠుడు బర్దీయుడు. జ్యేష్ఠుడు రాజై 525లో ఐగుప్తు దేశమును జయించి యచ్చటనే నిలిచెను. ఆ దండులో ఈటె ధరించి రాజును కాచువారిలో దారయవహు డొకడు. అప్పటికాతనికి సుమారు ఇరువదియైదేండ్ల ప్రాయము. తండ్రి విష్టాస్పుడును, తాత అర్షాముడును జీవించియే యుండిరి. సింహాసనమునకును ఆ యువకునికిని నడుమ ఎంత దూరము కలదో దీనినిబట్టియే తెలియును.

522వ సంవత్సరపు వసంతకాలమున, రాజు దేశమున లేని సమయమున, కురుషుని కనిష్ఠపుత్రుడు బర్దీయుడు తానే రాజునని ప్రకటించెనను వార్త పుట్టెను. ఆ క్రొత్త రాజు ప్రజలకు మూడేండ్ల పన్ను మాఫీ చేసెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ వ్రాసినాడు. కంబుజీయుడు స్వదేశమునకు మరలి వచ్చుచు త్రోవలోనే మరణించెను. ఆతనికి కుమారులు లేరు. కాగా న్యాయముచేత రాజ్యము తమ్మునిదే కావలెను.

ఇచ్చటనే దారయవహుడు రంగమున ప్రవేశించెను. ఆతడు చెప్పిన దేమనగా: నిజమైన బర్దీయుని కంబుజీయుడు ఐగుప్తునకు పోవుటకు ముందే రహస్యముగా చంపించెను. ఆ సంగతి ప్రజలెరుగరు. ఇప్పుడు సింహాసనము నెక్కినవాడు గౌమాతుడను మాగీ పురోహితుడు. బర్దీయుని పేరు పెట్టుకొని దేశమును మోసగించుచున్నాడు. నోరెత్తిన వారిని చంపునను భయముచేత నెవ్వరును పలుకకున్నారు. ఇట్లు చెప్పి దారయవహుడు మరి ఆరుగురు ప్రభుకుటుంబములవారితో గూడి, మీడియా దేశమందలి యొక కోటలో ఆ రాజును సంహరించెను. అది క్రీ. పూ. 522 సెప్టెంబరు 29వ దినమని నేటి పండితుల లెక్క.

ఏడుగురిలో రాజెవడు కావలెనను ప్రశ్నకు హెరొడోటస్ ఒక వింతకథ చెప్పినాడు. సూర్యోదయవేళ నెవ్వని గుఱ్ఱము ముందుగా సకిలించునో వాడు రాజని వారు నిర్ణయించుకొనిరట. దారయవహుని గుఱ్ఱపువాడు ఉపాయము పన్ని తన ప్రభువు గుఱ్ఱమునే ముందుగా సకిలింపజేసెనట. కథ రంజకమైనదే కాని, రాజ్యము గుఱ్ఱపు సకిలింపువలన రాలేదు, కత్తివలన వచ్చినది.

చంపబడినవాడు నిజముగా వేషధారియేనా? ఈ ప్రశ్నను నేటి చరిత్రకారులు పలువురు వేసియున్నారు. మనకు దొరకు వృత్తాంతములన్నిటికిని మూలము దారయవహుని మాటయే. కురుషుని కుమారుడు మరణించి యేండ్లు గడచినను దేశమున నెవ్వరును గుర్తింపకుండుట నమ్మదగినది కాదనియు, చంపబడినవాడు నిజమైన బర్దీయుడే కావచ్చుననియు వారి సంశయము. కొలదికాలమునకే పారసీక దేశమున వహ్యజ్దాతుడను మరియొకడు తానే బర్దీయుడనగా జనులు వాని వెంట నడచుట యీ సంశయమును బలపరచుచున్నది. కురుషుని రక్తముపై ప్రజలకంత భక్తి యుండెను. వంశక్రమమును చూచినను చిక్కు కలదు. కురుషుడు బాబిలోనులో మట్టితో చేయించిన శాసనమున తన పూర్వులను తేయిస్పుని వరకు చెప్పినాడు గాని హఖామనీషుని పేరెత్తలేదు. ఆ హఖామనీషుడే మూలపురుషుడనియు, తన వంశమున నెనమండుగురు ముందే రాజులై యుండిరనియు, తాను తొమ్మిదవవాడననియు దారయవహుడు చాటినాడు. తండ్రియు తాతయు బ్రతికియుండగా మనుమడు రాజగుట మాత్రము ఏ క్రమమునకును కుదురదు.

రాజైన పిదప సామ్రాజ్యమంతయు భగ్గుమనెను. ఏలాములో, బాబిలోనులో, మీడియాలో, పార్థియాలో, స్వదేశమున గూడ తిరుగుబాట్లు లేచెను. బాబిలోనులో నిద్దరు, ఒకని తరువాత నొకడు, పూర్వరాజు నబొనీదు కుమారుడనని చెప్పుకొని లేచిరి. దారయవహుడు కొందరిపై తాను నడచెను, కొందరిపై నమ్మినవారిని పంపెను. పార్థియాలో ఆతని తండ్రియే కుమారుని పక్షమున పోరాడెను. ఒక్క సంవత్సరములో పందొమ్మిది యుద్ధములు చేసి తొమ్మండుగురు రాజులను పట్టితినని యాతని లెక్క. ఓడినవారికి విధించిన శిక్షలు ఘోరములు. ఆతని సద్గుణములను చెప్పుచు వానిని దాచుట న్యాయము కాదు.

ఈ విజయములను దారయవహుడు బిసుతూను పర్వతమున, బాబిలోనునుండి ఎక్బటానాకు పోవు రాజమార్గము ప్రక్కన, శిలపై చెక్కించెను. రాజు నిలిచియుండును. ఆతని పాదముక్రింద గౌమాతుడు వెల్లకిల పడియుండును. ఎదుట తక్కిన తిరుగుబాటుదారులు మెడలకు త్రాడు, వెనుకకు కట్టిన చేతులతో వరుసగా నిలిచియుందురు. శాసనము పారసీక, ఏలామీ, బాబిలోనీ భాషలు మూడింటను కలదు. తిరుగుబాట్లన్నిటికిని ద్రౌగయే, అనగా అసత్యమే, కారణమని అందు మరల మరల చెప్పబడినది. దారిన పోవువాడు చదువలేనంత యెత్తున చెక్కించినను, దాని ప్రతులను దేశదేశములకు పంపించెను. ఐగుప్తు దక్షిణపు కొసనున్న ఎలిఫాంటైను ద్వీపమున అరమాయిక భాషలోని ప్రతి యొకటి దొరకినది. పందొమ్మిదవ శతాబ్దమున రాలిన్సను అను ఆంగ్ల సైనికాధికారి ఆ కొండ నెక్కి, ప్రాణములకు తెగించి, శాసనమును వ్రాసికొనెను. ఆ ప్రతివలననే మేకులవంటి యాప్రాచీన లిపి రహస్యము లోకమునకు విడిపోయెను.

కత్తితో వచ్చిన హక్కును వివాహములతో గట్టిపరచెను. కురుషుని కుమార్తెలు అటోస్సాను, అర్తిస్తోనును, బర్దీయుని కుమార్తె పర్మీసును పెండ్లాడెను. కురుషుని రక్తము ఇంక నితరుల యింట సింహాసనమును కోరు వీలు లేకపోయెను.

అయినను దారయవహుని నిజమైన ఘనత కత్తిలోను లేదు, పెండ్లిండ్లలోను లేదు. లెక్కలలో నున్నది. సామ్రాజ్యమును ఇరువది మండలములుగా విభజించి, ఒక్కొక్కదానికి క్షత్రపుడను పాలకుని నియమించి, యేటి కప్పము నింతయని నిర్ణయించెనని హెరొడోటస్ వ్రాసినాడు. మొత్తము 14,560 టాలెంట్ల వెండి యని యాతని లెక్క. టాలెంటనగా సుమారు 26 కిలోల తూకము. ఇందు ఇరువదవ మండలము సింధు ప్రాంతము. అది వెండికి బదులు 360 టాలెంట్ల బంగారుపొడి నిచ్చెనట. బంగారమునకు వెండి పదుమూడు రెట్లని లెక్కించినచో 4,680 టాలెంట్లగును. అనగా మొత్తములో మూడవ వంతునకు దగ్గర. సింధునదిని పారసీకులు హిందు వనిరి. గ్రీకులనోట హకారము జారి ఇండియా యను పేరు పుట్టెను.

పూర్వము కానుకల పేర, ఇష్టము వచ్చినంత గ్రహింపబడుచుండిన ధనమునకు నిర్ణయమైన లెక్క వచ్చుట పారసీకులకు వింతగా తోచెను. కురుషుని తండ్రి యనియు, కంబుజీయుని కఠినప్రభు వనియు, దారయవహుని కోమటి యనియు వారు చెప్పుకొనిరట. పరిహాసముగా పుట్టినను ఆ బిరుదే యాతనికి తగిన కిరీటము. గ్రీకు పట్టణముల తిరుగుబాటు అణగిన పిదప, 493లో, ఆతని సోదరుడు ఆర్టఫెర్నిస్ ఆ ప్రాంతపు భూములను కొలిపించి, కొలతనుబట్టి శిస్తు కట్టెను. ఆ కట్టుబడి తన కాలము వరకును మారలేదని హెరొడోటస్ చెప్పినాడు. సార్డిసునుండి సూసా వరకు 111 మజిలీలతో రాజమార్గము నడచెను. దారికు అను బంగారునాణెము చెలామణి యయ్యెను.

1933, 1934 సంవత్సరములలో చికాగో విశ్వవిద్యాలయమువారు పర్సెపొలిసు కోటగోడ గదులలో వేలకొలది మట్టిపలకలను కనుగొనిరి. అవి దారయవహుని కాలపు జమాఖర్చులు. ఏ పనివానికెంత యవలు, ఏ ప్రయాణికునికెంత పిండి, బిడ్డను కన్న కూలిస్త్రీకెంత యదనపు గ్రాసమో వానియందు వ్రాయబడినది. రాణి అర్తిస్తోనుకు నూరు గొఱ్ఱెల నిమ్మని రాజు పంపిన యుత్తరువుకూడ నందున్నది. చక్రవర్తి యింటి గొఱ్ఱెకును లెక్క తప్పలేదు.

ఆతడు చేసినదెల్ల ఫలింపలేదు. 490లో గ్రీసుపైకి పంపిన దండు మారథానులో ఓడిపోయెను. మరల దండు కూర్చుచుండగా ఐగుప్తు తిరుగబడెను. దీనికితోడు వారసత్వపు చిక్కు వచ్చెను. రాజు కాకముందు గోబ్రియాసు కుమార్తెయందు కలిగిన ఆర్టొబజానిసు జ్యేష్ఠుడు. రాజైన పిదప అటోస్సాయందు కలిగిన క్షయార్షుడు, అనగా జెర్క్సిస్, కురుషుని దౌహిత్రుడు. జ్యేష్ఠుడు వయసును చూపెను. రెండవవాడు రాజునకు పుట్టినవాడ ననెను. దారయవహుడు క్షయార్షునే వారసునిగా ప్రకటించి, 486లో, ముప్పదియారేండ్ల పాలన పిమ్మట కాలధర్మము నొందెను. నక్ష్ ఎ రుస్తం కొండలో తొలిపించిన సమాధిలో ఆతని నుంచిరి. కుమారుడు నిర్విఘ్నముగా రాజయ్యెను. తండ్రికి ఇతర కుమారులున్నను తన్నే తనతరువాత నధికుని జేసెనని యాతడు శాసనమున వ్రాయించుకొనెను.

ఆ శాంతి యొక్క తరమునకే సరిపోయెను. 465లో క్షయార్షుని అంగరక్షక నాయకుడే యాతని చంపెను. ఆ నేరము జ్యేష్ఠకుమారునిపై మోపబడగా, తమ్ముడు అర్తక్షత్రుడు అన్నను చంపించి రాజయ్యెను. ఆతని కుమారుడు రెండవ క్షయార్షుడు నలువదియైదు దినములే యేలి సోదరునిచేత హతుడయ్యెను. ఆ సోదరుని మరియొక సోదరుడు చంపి రెండవ దారయవహుడను పేర రాజయ్యెను. 401లో కునాక్సా యుద్ధమున తమ్ముడు అన్నపై కత్తి దూసి మడిసెను. 336లో రాజయిన మూడవ దారయవహుడు 330లో అలెగ్జాండరునకు వెరచి పారిపోవుచు తన క్షత్రపునిచేతనే చచ్చెను. ఆ యేడే పర్సెపొలిసు దగ్ధమయ్యెను.

రాజు తరువాత రాజెవడో చెప్పు కట్టుబాటు ఆ వంశమున నేర్పడలేదు. మొదటివాడు చూపిన దారి కత్తిదారి. తరువాతివారు దానినే నడచిరి. గొఱ్ఱెకును యవలకును లెక్క కట్టిన ప్రభువు సింహాసనమునకు మాత్రము స్థిరమైన లెక్క కట్టలేకపోయెను. బర్దీయుని కథలో ద్రౌగ యెవ్వరిదో బిసుతూను శిల యొకవైపు మాటయే చెప్పుచున్నది. అచ్చట రాజు తన్ను గూర్చి తాను వ్రాయించుకొనెను. పర్సెపొలిసు మట్టిపలకలను వ్రాసినవారికి ఎవ్వరిని పొగడవలసిన పనియు లేదు. యవలు కొలిచిరి, కొలిచినది వ్రాసిరి. దారయవహుని మంచిని నిలుపువాడని చెప్పుటకు ఆ సాక్ష్యమే చాలును.