రాతి చేప పేరు రాసుకున్న డాక్టరు

కొత్తగూడ వైపు నుంచి వచ్చిన మాబోటి వాళ్ళకు సముద్రం దూరం, పగడాల దిబ్బలు మరీ దూరం. చేప అంటే మాకు చెరువు చేపే. అయినా మన చెరువుల్లోని వాలుగకూ, చేలల్లో భయపెట్టే రక్తపింజరకూ, పగడాల దిబ్బల మీది ఒక చారల చేపకూ ఒకే మనిషితో సంబంధం ఉంది. ఆయనే డాక్టర్ పాట్రిక్ రస్సెల్.

రస్సెల్ 1727లో ఎడింబరోలో జన్మించారు. అక్కడే వైద్యం చదివి, సిరియాలోని అలెప్పోలో అన్నగారి తర్వాత 1753 నుంచి ఆంగ్ల వర్తకుల వైద్యుడిగా పనిచేశారు. 1760-62 నాటి ప్లేగును దగ్గరుండి చూసి, తర్వాత దాని మీద పెద్ద గ్రంథమే రాశారు.

1781లో తమ్ముడు క్లాడ్‌కు విశాఖపట్నంలో కంపెనీ ఉద్యోగం రాగా, తోడుగా తానూ వచ్చారు. అప్పటికి వయసు యాభై దాటింది. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది. పాముకాటు చావులు చూసి, విషపు పామేదో కానిదేదో జనం గుర్తుపట్టేలా బొమ్మలతో పుస్తకం తెచ్చారు (1796). మనవాళ్ళు కాటుక రేకుల పొడ అన్న పాముకు శాస్త్రజ్ఞులు ఆయన పేరే పెట్టారు. అదే మన రక్తపింజర.

ఇక చేపలు. విశాఖలో దొరికిన రెండువందల చేపలకు స్థానిక చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి, స్థానికులు పిలిచే పేర్లనే రాసుకున్నారు. ఆ గ్రంథం 1803లో లండనులో అచ్చయింది. రెండేళ్ళకే, 1805లో, ఆయన కన్నుమూశారు. కానీ పేర్లు బతికాయి. వాలుగ 'వల్లాగో' అనే ప్రజాతి అయింది. తోలుపారలోని తోలు 'టాల్' అయి ఒక సముద్రపు చేపకు స్థిరపడింది.

అన్ని పేర్లకూ ఆ అదృష్టం పట్టలేదు. పసుపు వీపు, ఐదు నల్ల పట్టీలు ఉండే జానెడు చేప ఒకటుంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని సార్జంట్ మేజర్ అంటారు. పగడాల దిబ్బల్లో, రాళ్ళ సందుల్లో ఉంటుంది. ఆడది రాతికి గుడ్లు అంటించి పోతే, అవి పిగిలే దాకా మగదే కాపలా కాస్తుంది. రస్సెల్ దీనికి రాసుకున్న పేరులో మొదటి మాట మన చెవికి 'రాతి' అనే వినిపిస్తుంది. ఫ్రెంచి పండితుడు క్యూవియే 1830లో ఆ మాటనే శాస్త్రనామంలో పెట్టారు. అయితే న్యూగినీ దగ్గరి వైగియో దీవి పేరుతో అదే చేపకు 1825లోనే మరో పేరు పడింది. ముందు పెట్టిన పేరే చెల్లుతుందన్నది నియమం. ఐదేళ్ళ తేడాతో మన మాట ఓడింది.

ఓడినా, ఒకరు రాసిపెట్టారు గనుక ఆ మాట ఈనాటికీ జాబితాల్లో ఉంది. మన ఊళ్ళలో చెట్టుకూ పిట్టకూ చేపకూ పెద్దవాళ్ళ నోట ఎన్నో పేర్లున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నోటుబుక్కు వెంట తీసుకెళ్దామా మిత్రులారా?