యంత్రాన్ని చదివిన విదుషి – గ్రేస్ హాపర్

నాడి చూడనిదే వైద్యుడు ఔషధాన్ని నిర్ణయించడు. అట్లే, నడుస్తున్న యంత్రం ఏ క్షణాన ఏమి చేస్తున్నదో తెలియనిదే దాని లోపాన్ని సవరించడం సాధ్యం కాదు. కంప్యూటర్లు తొలి అడుగులు వేస్తున్న కాలంలోనే ఈ సత్యాన్ని ఆచరణలో గ్రహించిన గణిత విదుషి గ్రేస్ హాపర్.

ఆమె 1906 డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని న్యూయార్క్ నగరంలో జన్మించింది. ఏడేళ్ల ప్రాయంలో అలారం గడియారం ఎట్లా పనిచేస్తుందో తెలుసుకోదలచి దానిని విప్పింది. తిరిగి అమర్చలేక మరొకటి విప్పింది. ఇట్లా ఏడు గడియారాలను విప్పిన తరువాత తల్లి ఆ విషయాన్ని గమనించి, ఇకపై ఒక్క గడియారంతోనే సరిపెట్టుకొమ్మని కట్టడి చేసింది. ఆ కుతూహలమే ఆమెను గణితశాస్త్రం వైపు నడిపించింది. 1928లో వాసర్ కళాశాలలో పట్టభద్రురాలై, 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందింది. 1931 నుండే వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేసింది.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1943 డిసెంబరులో, ఆమె నౌకాదళంలో చేరింది. నియమిత ప్రమాణం కంటె బరువు తక్కువైనందున ప్రత్యేక అనుమతి పొందవలసి వచ్చింది. మరుసటి ఏడు హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో హోవర్డ్ ఐకెన్ పర్యవేక్షణలోని మార్క్-1 అనే యంత్రం వద్ద ఆమెను నియమించారు. దాని పొడవు 51 అడుగులు. ఫిరంగుల గురిని నిర్ణయించే పట్టికలను అది గణించేది. ఒక్క అంకె తప్పినా గురి తప్పుతుంది. ఆ తప్పు ఆదేశం రాసిన మనిషిదా, యంత్రభాగానిదా అని తేల్చడానికి ఆధారం కావాలి. అందుకే యంత్రం నడకను అక్కడివారు దినచర్య పుస్తకంలో వేళలతో సహా నమోదు చేసేవారు.

1947 సెప్టెంబరు 9న మార్క్-2 యంత్రం నడక తప్పింది. వెదకగా, విద్యుత్తుతో తెరుచుకొని మూసుకొనే ఒక రిలేలో చిమ్మట పురుగు ఇరుక్కొని ఉంది. దానిని వెలికితీసి ఆ పుస్తకంలోనే అంటించారు. యంత్రదోషాన్ని పురుగు అనే అర్థం గల 'బగ్' అనే మాటతో పిలవడం ఇంజనీర్లకు అంతకుముందే అలవాటు. పురుగును కనుగొన్నది హాపర్ కాకపోయినా, ఆ వృత్తాంతాన్ని లోకానికి పరిచయం చేసింది ఆమెయే.

1949లో ఆమె ఎకర్ట్–మాక్లీ సంస్థలో చేరింది. అక్కడి సహోద్యోగి బెట్టీ హోల్బర్టన్ అంతకుముందు ఎనియాక్ యంత్రంపై పనిచేసింది. ఎనియాక్‌లో ఒక తీగను తొలగిస్తే గణన ఆ చోట ఆగేది. అప్పుడు లోపలి అంకెలను పరిశీలించేవారు. 'బ్రేక్ పాయింట్' అనే పేరు అట్లా పుట్టింది.

ఆదేశాలను చేతితో ఎత్తి రాసేటప్పుడే మనుషులు ఎక్కువగా పొరబడుతున్నారని హాపర్ గమనించింది. ఆ పనిని యంత్రానికే అప్పగించడానికి 1952 నాటికి ఏ-0 అనే కంపైలరును రూపొందించింది. ఆమె ఫ్లో-మాటిక్ భాష తరువాతి కోబాల్ భాషకు పునాది అయింది. పరిశీలన విషయంలోనూ ఇటువంటి ఆలోచనే ఇంగ్లండులో మొలకెత్తింది. కేంబ్రిడ్జిలో స్టాన్లీ గిల్, నడుస్తున్న ప్రోగ్రాము జాడను ఎడ్సాక్ యంత్రమే ముద్రించే పద్ధతిని 1951లో వివరించాడు.

నేటి డీబగ్గరు ఆ పరంపరకు వారసురాలు. ప్రోగ్రాములోని ఒక వరుస పదివేల సార్లు నడిచేటప్పుడు, ప్రతిసారీ ఆపి చూడడం మనిషికి అసాధ్యం. అందువల్ల ఆ వరుస వద్ద బ్రేక్ పాయింటు ఉంచి, ఫలానా రాశి విలువను ఫైలులో రాసి, ఎవరి కోసమూ వేచి ఉండక ముందుకు సాగమని డీబగ్గరుకు ముందే ఆదేశమిస్తారు. విలువ ఎన్నవ ఆవృత్తిలో దారి తప్పిందో ఆ ఫైలే చెబుతుంది. అయితే ఇట్లా ఆగి సాగడం వల్ల ప్రోగ్రాము వేగం తగ్గుతుంది. వేళపై ఆధారపడిన దోషం ఆ సమయంలో కనబడకుండా పోవచ్చు. కనుక ఏది నమోదు చేయాలో ఎంచుకొనే వివేకం మాత్రం మనిషిదే.

హాపర్ 1986లో రియర్ అడ్మిరల్ హోదాలో 79 ఏళ్ల వయసున పదవీ విరమణ చేసింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. 2016లో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ పురస్కారం ప్రకటించింది. పురుగు అంటించిన ఆ పుటను వాషింగ్టన్‌లోని అమెరికా చరిత్ర మ్యూజియం భద్రపరిచింది. దోషాన్ని దాచక, ఊహతో తీర్పు చెప్పక, ఉన్నది ఉన్నట్లు నమోదు చేయడమే దిద్దుబాటుకు తొలిమెట్టు అని ఆ పుట నేటికీ బోధిస్తున్నది.