‘వచ్చిన’ వెనక దాగిన ప్రిపొజిషన్: బ్రౌన్ జీవితం నేర్పే పాఠం

లింగంపల్లి స్టేషన్‌లో దిగి గచ్చిబౌలి వైపు ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ బాగానే వచ్చు. తడబాటంతా చిన్న చిన్న చోట్లే. ‘నేను పనిచేసిన కంపెనీ’ అని మనసులో అనుకుని, ‘ద కంపెనీ విచ్ ఐ వర్క్‌డ్’ అని ఆపేస్తారు. చివర ‘ఫర్’ ఎగిరిపోతుంది. కారణం మన తెలుగులోనే ఉంది. తెలుగును పరభాషగా నేర్చుకున్న ఒక ఉద్యోగి జీవితం చూస్తే ఇది సులువుగా అర్థమవుతుంది.

ఆయన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి చనిపోయాక ఇంగ్లండు వెళ్లి, ఈస్టిండియా కంపెనీ కొలువు కోసం హెయిలీబరీలో చదివి, 1817లో మద్రాసు చేరారు. ఉద్యోగం సాగాలంటే ఇక్కడి భాష రావాల్సిందే. వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టి, 1820లో కడపలో ఉద్యోగానికి చేరారు.

ఇంగ్లిష్ తెలిసిన మనిషికి తెలుగులో ఒక చిక్కుంది. ‘నేను వచ్చిన రైలు’, ‘నేను వచ్చిన ఊరు’, ‘నేను వచ్చిన పని’ అన్నింటికీ ‘వచ్చిన’ ఒక్కటే. రైల్లో వచ్చామా, ఊరి నుంచి వచ్చామా, పని కోసం వచ్చామా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. ‘లో’, ‘నుంచి’, ‘కోసం’ మాయమైపోతాయి. ఇంగ్లిష్‌లో అవి మాయం కాకూడదు: ‘ద ట్రైన్ ఐ కేమ్ ఆన్’, ‘ద టౌన్ ఐ కేమ్ ఫ్రమ్’, ‘ద జాబ్ ఐ కేమ్ ఫర్’.

బ్రౌన్ చెవికి తట్టినదాంతో సరిపెట్టుకోలేదు. సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని రాతప్రతులు సేకరించారు, పోల్చి చూశారు. వేమన పద్యాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1829లో అచ్చువేశారు. 1840లో వచ్చిన వ్యాకరణంలో ‘వచ్చిన’, ‘చేసిన’ లాంటి రూపాలను రిలేటివ్ పార్టిసిపుల్ పేరుతో వివరించారు. 1852లో తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువు వెలువడింది.

ఆయన అటు నుంచి ఇటు వచ్చారు, మనం ఇటు నుంచి అటు వెళ్లాలి. దారి ఇదీ. ముందు మామూలు వాక్యం అనుకోండి: ‘ఐ వర్క్‌డ్ ఫర్ ద కంపెనీ’. అందులో ‘ఫర్’ ఉంటే, కలిపిన వాక్యంలోనూ ఉండాలి. మాట్లాడేటప్పుడు చివర పెట్టండి: ‘ద కంపెనీ ఐ వర్క్‌డ్ ఫర్’. దరఖాస్తులో కాస్త హుందాగా రాయాలంటే ముందుకు తెండి: ‘ద కంపెనీ ఫర్ విచ్ ఐ వర్క్‌డ్’. రెండుచోట్లా పెట్టొద్దు. మనుషుల విషయంలో ముందు ప్రిపొజిషన్ వస్తే ‘హూ’ కాదు, ‘హూమ్’: ‘ద టీమ్ లీడర్ విత్ హూమ్ ఐ వర్క్‌డ్’. ప్రిపొజిషన్ ముందుంటే ‘దట్’ కూడా పనికిరాదు.

ఉద్యోగం ముగించి ఇంగ్లండు వెళ్లాక కూడా బ్రౌన్ తెలుగును వదల్లేదు. లండన్‌లో తెలుగు ఆచార్యుడిగా పనిచేశారు. 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కొలువు కోసం మొదలైన చదువు కొలువు దాటి నిలిచింది. మీ రెజ్యూమెలోని ప్రతి ‘పనిచేసిన’, ‘చదివిన’, ‘నేర్చుకున్న’ పక్కన ఏ ప్రిపొజిషన్ దాగుందో ఇవాళే వెతికి చూడండి.