విగ్రహానికి వయసు రాదు: మలి వయసులో బాబాసాహెబ్

ఏలూరు నుంచి భీమడోలు మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో ఏ ఊరి పేటలో చూసినా ఆయన కనిపిస్తారు. నీలం కోటు, కళ్లజోడు, ఒక చేతిలో రాజ్యాంగం, చాచిన చూపుడు వేలు. కైకలూరు వైపు కొల్లేటి లంకల్లోకి వెళ్లినా అంతే. చేపల చెరువుల గట్ల పక్కన నాలుగు వీధుల పేట ఉంటే అక్కడా ఆయన విగ్రహం ఉంటుంది. ప్రతి చోటా ఒకటే వయసు. జుట్టు పలచబడిన అంబేద్కర్, కర్ర పట్టుకున్న అంబేద్కర్, మెట్లు ఎక్కలేక ఆగిపోయిన అంబేద్కర్ మాకు ఎక్కడా కనిపించలేదు.

పరిశోధన కోసం మేము ఈ పేటల్లో పెద్దవాళ్లతో మాట్లాడుతుంటాం. ఉద్యమాల్లో తిరిగిన రోజుల గురించి అడిగితే గంటలు గంటలు చెబుతారు. ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే మాత్రం, మాదేముంది, అయిపోయింది అంటారు. అలా అన్నవాళ్లలో యాభై ఐదేళ్ల మనిషి కూడా ఉన్నాడు. ముప్ఫైల్లో ఉన్న మేము కూడా, ఫెలోషిప్ ఆగిన నెలల్లో, హాస్టల్ గదిలో కూర్చుని ఆ మాటే అనుకున్న రోజులున్నాయి. అందుకే ఈసారి రాజ్యాంగ నిర్మాత గురించి కాకుండా, వయసు మీద పడుతున్న బాబాసాహెబ్ గురించి రాయాలనిపించింది.

యాభై మూడేళ్ల వయసులో మన ప్రాంతానికి

1944 సెప్టెంబరులో ఆయన హైదరాబాదు, మద్రాసు సభలు చూసుకుని ఆంధ్ర జిల్లాలకు వచ్చారు. ఏలూరు, తాడేపల్లిగూడెం కూడా ఆ పర్యటనలో ఉన్నాయి. అప్పటికి ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూస్తున్నారు. ఫ్యాక్టరీల్లో ఎనిమిది గంటల పనిదినం కోసం నిలబడింది ఆ హోదాలోనే. 1942లో నాగపూర్‌లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ పుట్టింది. మన పేటల్లో ఆ పర్యటన ఇప్పటికీ తాతలు చెప్పిన కథగా బతికే ఉంది.

అప్పటికే ఆయన చాలా పోగొట్టుకున్నారు. ఐదుగురు పిల్లల్లో నలుగురు చిన్నతనంలోనే చనిపోయారు. 1935లో భార్య రమాబాయి వెళ్లిపోయారు. మిగిలింది ఒక్క కొడుకు యశ్వంత్. పుస్తకాల కోసమే అన్నట్టుగా దాదర్‌లో కట్టించుకున్న రాజగృహలో ఆయన ఎక్కువగా పుస్తకాలతోనే గడిపారు. ఆ తర్వాత శరీరం కూడా ఎదురు తిరిగింది. మధుమేహం, నరాల నొప్పులు, కీళ్ల నొప్పులు, నిద్ర పట్టని రాత్రులు. రాజ్యాంగ ముసాయిదా పని నడుస్తున్న రోజుల్లోనే కాళ్ల నొప్పులు ఆయన్ని బాగా వేధించాయి.

కొత్తగా మొదలైన ఇల్లు

1948 ఏప్రిల్ 15న, యాభై ఏడు నిండిన మర్నాడు, ఆయన డాక్టర్ శారదా కబీర్‌ను పెళ్లి చేసుకున్నారు. తర్వాత సవితా అంబేద్కర్ అయింది ఆమే. వైద్యం నడుస్తున్న రోజుల్లో పెరిగిన పరిచయం అది. ఆమె బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన మనిషి కావడంతో మనవాళ్లలో చాలామందికి ఈ పెళ్లి నచ్చలేదు. బాబాసాహెబ్ పోయాక ఆమె మీద ఎన్నో నిందలు వేశారు. ఆ వివాదం అలా ఉంచితే, ఒక విషయం మాత్రం స్పష్టం. అంత జబ్బులో, అంత పనిలో ఉన్న మనిషి ఇక నా జీవితం అయిపోయిందని అనుకోలేదు. తోడు కావాలనుకున్నారు, దాన్ని దాచుకోలేదు.

తర్వాతి ఏళ్లన్నీ ఓటములే. హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వకపోవడంతో 1951 సెప్టెంబరులో న్యాయశాఖ మంత్రి పదవికి రాజీనామా చేశారు. 1952 ఎన్నికల్లో బొంబాయిలో ఓడిపోయారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఓడిపోయారు. రాజ్యాంగం రాసిన మనిషిని లోక్‌సభకు పంపడానికి ఈ దేశానికి మనసు రాలేదు. మధ్యలో 1952లో కొలంబియా విశ్వవిద్యాలయం, 1953 జనవరిలో హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. గౌరవాలు తీసుకుని, పాత ఘనతలు తలుచుకుంటూ కూర్చోవడానికి అది సరిపోయే వయసే.

ఆయన కూర్చోలేదు. ఆ ఏళ్లలో ఆయన ఇంట్లో ఎలా ఉండేవారో కార్యదర్శి నానక్ చంద్ రత్తు, సవితా అంబేద్కర్ రాసిన జ్ఞాపకాల్లో తెలుస్తుంది. వయొలిన్ నేర్చుకున్నారు. బొమ్మలు గీయడం మీద ఇష్టం పెంచుకున్నారు. ఓపిక ఉన్న రోజు వంటింట్లో దూరి తనే వండేవారు. తోటపని చేసేవారు. కొత్త పుస్తకం కనిపిస్తే డబ్బు లెక్క చూసుకునేవారు కాదు. పాలీ భాష మీద కూర్చుని నిఘంటువు, వ్యాకరణం తయారుచేసుకున్నారు. ఇక్కడ ఒక పాత సంగతి గుర్తుచేసుకోవాలి. చిన్నప్పుడు బడిలో ఆయన సంస్కృతం చదువుతానంటే అంటరాని పిల్లవాడికి వీల్లేదన్నారు. పారశీకం తీసుకోవాల్సి వచ్చింది. తర్వాత సంస్కృతాన్ని సొంతంగా నేర్చుకున్నారు. చివరి ఏళ్లలో బుద్ధుడి మాటలున్న పాలీని పట్టుకున్నారు. బాల్యంలో మూసిన తలుపు ముందు నిలబడి ఏడవకుండా, అరవై ఏళ్ల వయసులో కూడా ఇంకో తలుపు తీశారు.

కన్నీళ్లు కూడా ఉన్నాయి

ఇదంతా చదివి ఆయన ఎప్పుడూ నవ్వుతూ, హుషారుగా ఉండేవారనుకుంటే పొరపాటు. 1956 మార్చిలో ఆగ్రా సభలో చదువుకున్న మనవాళ్లే తనను మోసం చేశారని బాధపడ్డారు. అదే ఏడాది, ఇంత దూరం లాక్కొచ్చిన బండి వెనక్కి పోతుందేమోనని రత్తు ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. బుద్ధుడి మీద రాసిన పుస్తకాన్ని అచ్చు వేయడానికి డబ్బు చాలక, ప్రభుత్వం ఐదు వందల కాపీలు కొనాలని ప్రధాని నెహ్రూకు ఉత్తరం రాశారు. వీలుకాదనే జవాబు వచ్చింది. చూపు తగ్గుతోంది, నడక కష్టమవుతోంది.

ఏడుపు వచ్చిన రోజు ఏడ్చారు. మర్నాడు మళ్లీ రాతబల్ల దగ్గరికి వచ్చారు. మలి వయసులో ఉత్సాహం అంటే మాకు అర్థమైంది ఇదే. ఏడుపు రాకపోవడం కాదు, చేయాల్సిన కొత్త పని ఒకటి ఎదురుగా ఉండటం.

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అరవై ఐదేళ్ల బాబాసాహెబ్ ఒక చేతిలో కర్ర, ఇంకో చెయ్యి రత్తు భుజం మీద వేసి వేదిక ఎక్కారు. సవితతో కలిసి బౌద్ధం స్వీకరించారు. తర్వాత ఇరవై రెండు ప్రతిజ్ఞలు తనే చదివి లక్షల మందితో చేయించారు. హిందువుగా చావనని 1935లో యేవలాలో ఇచ్చిన మాటను ఇరవై ఒక్క ఏళ్లకు నెరవేర్చుకున్నారు. నవంబరులో ఖాట్మండులో ప్రపంచ బౌద్ధ మహాసభకు వెళ్లి బుద్ధుడు, మార్క్స్ గురించి మాట్లాడారు. తిరిగి వస్తూ బౌద్ధ క్షేత్రాలు చూశారు. డిసెంబరులో బొంబాయిలో మరో దీక్ష సభ జరగాల్సి ఉంది. రిపబ్లికన్ పార్టీ అనే కొత్త పార్టీ పెట్టడానికి ఉత్తరాలు సిద్ధం చేశారు. డిసెంబరు 5 రాత్రి బుద్ధుడి పుస్తకానికి రాసిన ముందుమాట కాగితాలు తెప్పించుకుని చూశారు. నిద్రలోనే వెళ్లిపోయారు. పుస్తకం మర్నాటి ఏడాది, 1957లో వచ్చింది.

ఉత్సాహానికి కూడా హక్కు కావాలి

ఇక్కడ మనం ఒక జాగ్రత్త తీసుకోవాలి. బాబాసాహెబ్ అంత చేశారు కదా, నువ్వెందుకు నీరసపడతావని పేటలో ముసలాయన్ని అడిగితే అన్యాయం అవుతుంది. కొల్లేటి చుట్టూ చేపల చెరువుల్లో నడుం లోతు నీళ్లలో వలలు లాగినవాళ్లకు, షెడ్లలో ఐసు మధ్య రొయ్యలు వలిచిన ఆడవాళ్లకు యాభై ఏళ్లకే వేళ్లు వంగవు, మోకాళ్లు లేవవు. వాళ్లకు ముసలితనం తొందరగా వచ్చింది మనసు లేక కాదు, పని అలాంటిది కాబట్టి. ఎనిమిది గంటల పని కోసం ఆయన నిలబడింది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. రోజులో కొంత, ఒంట్లో కొంత మిగిలితేనే మనిషి వయొలిన్ గురించి ఆలోచించగలడు.

ఇంకో సంగతి. ఆయన ఒక్కరే అది సాధించలేదు. మందులు చూసిన సవిత ఉన్నారు. రాత్రిళ్లు టైపు కొట్టిన, భుజం ఇచ్చిన రత్తు ఉన్నారు. వయొలిన్ నేర్పిన గురువు ఉన్నారు. మన పెద్దవాళ్లకు మనం ఏమిస్తున్నాం? ఏప్రిల్ 14న, డిసెంబరు 6న పిలిచి, దండ వేయించి, మైకు చేతికిచ్చి పాత సంగతులు చెప్పమంటాం. మిగతా రోజుల్లో వాళ్లు అరుగు మీద ఒక్కరే కూర్చుంటారు. వాళ్ల జ్ఞాపకాలు మన థీసిస్‌లకు కావాలి, వాళ్ల రేపటి రోజుతో మనకు పనిలేదు. ఈ తప్పు మాలోనూ ఉంది.

మొన్న కొల్లేటి పక్క ఊళ్లో డెబ్బై దాటిన ఒక అమ్మమ్మకు ఈ వయొలిన్ సంగతి చెప్పాం. ఆమె జీవితమంతా రొయ్యల షెడ్లలోనే గడిచింది. విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, ఆ వయసులో ఆయనకి నేర్పినోళ్లు ఎవరు బాబూ అని అడిగింది. అంత పెద్దాయన నేర్చుకోవడం ఆమెకు వింతగా అనిపించలేదు, ఆ వయసు మనిషికి కూర్చుని నేర్పేవాళ్లు దొరకడమే వింతగా ఉంది. నీకేం నేర్చుకోవాలనుంది అమ్మమ్మా అని మేము అడిగాం. బస్సు మీద ఊరి పేరు చదవాలి అంది. ఏలూరు బస్సేదో, గుడివాడ బస్సేదో ఎవర్నీ అడక్కుండా ఎక్కాలని ఆమె కోరిక.

ఇప్పుడు వారానికి రెండు సాయంత్రాలు ఆమె అరుగు మీద పలక ఉంటోంది. మొదటి వారం ఏలూరులో ఉన్న ఏ, లూ, రు నేర్చుకుంది. వేళ్లు వంగవు కాబట్టి సుద్దముక్కకు గుడ్డ చుట్టి లావుగా చేశాం. పక్కింటి ఇద్దరు ఆడవాళ్లు కూడా వచ్చి కూర్చుంటున్నారు. మీ పేటలో కూడా అలాంటి అరుగు ఒకటి ఉండే ఉంటుంది. ఈ డిసెంబరు 6 దాకా ఆగకుండా వెళ్లి, ఏం నేర్చుకోవాలనుందో అడగండి.